పోతు మొక్కలు ఏరిన ఈదమ్మ

ఈదమ్మను నేను చూసేనాటికి ఆమెకు డెబ్బై దాటాయి. చూపు మందగించింది గానీ వేళ్లు చురుగ్గానే ఉండేవి. పుంటికూర కట్ట ఒళ్లో పెట్టుకుని, అటు చూడకుండానే ముదురాకు ఒకవైపు, లేతాకు ఒకవైపు తీసేసేది. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే నవ్వేది. "గిదేం పని బిడ్డా! నేను సర్కారు పంటల ఏరినదాన్ని."

ఆ సర్కారు పంట గంజాయి.

హుజూర్‌నగర్ నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే తొవ్వలో, కొంచెం లోపలికి, గుండ్లకుంట అని ఒక పల్లె. నిజాం కాలంలో ఆ ఊరి పటేలుకు గంజాయి వేసే పర్వానా, అంటే సర్కారు అనుమతి, ఉండేది. కుంట వెనక ఎనిమిదెకరాల నల్లచెలక. చుట్టూ ముళ్లకంచె, మూలన మంచె. మొక్క మోకాలెత్తు కాగానే ఆబ్కారీ జవాను చోటే మియా వచ్చి సాలు సాలు లెక్కబెట్టి దస్తరంలో రాసుకునేవాడు. కోత అయ్యాక సరుకును గోనెల్లో కుక్కి, లక్కతో సీలు వేసి, బండ్ల మీద సర్కారు గోదాముకు తోలేవాళ్లు. అక్కడినుంచి లైసెన్సు దుకాణాలకు పోయేది. బైరాగులు, ఫకీర్లు, రాళ్లు కొట్టే కూలీలు అక్కడే కొనుక్కునేవాళ్లు. కొన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

ఈదమ్మ పదమూడేళ్లప్పుడు బక్కయ్య పెండ్లామై ఆ ఊరికి వచ్చింది. బక్కయ్య పటేలు దగ్గర జీతగాడు. వాళ్ల గుడిసె ఉన్న జాగా కూడా పటేలుదే. వచ్చిన ఏడే అత్త ఆమెను చేనులోకి తీసుకుపోయి పని నేర్పింది. తాటిచెట్టులో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే గంజాయిలోనూ మగది పోతు, ఆడది పెంటి ఉంటాయి. పోతు మొక్క పూతకు రాకముందే పీకెయ్యాలి. ఒక్కటి మిగిలినా చుట్టూ ఉన్న పెంటి మొక్కలన్నీ గింజ కడతాయి. గింజ కట్టిన సరుకును గోదామువాళ్లు తిప్పి పంపేవాళ్లు.

చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆనవాలు కణుపు దగ్గర మాత్రమే. ఈదమ్మకు అది నాలుగేళ్లలో పట్టుబడింది. ఆమె నడిచిన సాలులో మళ్లీ ఎవరూ నడవాల్సిన పని ఉండేది కాదు. చోటే మియా ఒకసారి పందెం కట్టి ఆమె ఏరిన రెండెకరాలు పొద్దుగూకేదాకా గాలించాడు. ఒక్క పోతు మొక్క దొరకలేదు. అప్పటినుంచి ఆమెను "ఏరేటి ఈదమ్మ" అనేవాళ్లు.

సాయంత్రం చేను దాటేముందు ఆడవాళ్లంతా తడిక వెనక వరసగా నిలబడాలి. చోటే మియా భార్య జన్నత్ బీ అందరి కొంగులూ దులిపించేది. ఒకసారి ఈదమ్మ కొప్పులో ఆకు ఒకటి చిక్కుకుని ఉంది. జన్నత్ బీ దాన్ని తీసి, అటూ ఇటూ చూసి, కాలికింద నలిపేసింది. "తల మంచిగ దువ్వుకొని రా పోరీ" అంది అంతే. ఆ ఆకుకే జైలుకు పోవచ్చని ఈదమ్మకు ఆ తరవాత తెలిసింది.

గంజాయి అంటే ఆమెకు ఇష్టం లేదు. తమ్ముడు పర్వతాలు గంజాయి చిలుముకే పాడైపోయాడు. బావులు తవ్వే మంచి పనివాడు. రెండేళ్లలో పనీ ఇల్లూ మరిచి దుకాణం అరుగు మీదే పడి ఉండేవాడు. చివరికి బైరాగుల వెంట ఎటో పోయాడు. వాడు పీల్చింది తన చేతులమీదుగా పోయిన ఆకేనా అని ఆమె చాలాసార్లు అనుకుంది. కానీ పనికి పోకుండా ఉండే వీలు ఆమెకెక్కడిది?

ఫసలీ పదమూడు వందల నలభై అయిదులో, అంటే 1936 ప్రాంతాల్లో, గుండ్లకుంట పర్వానా రద్దయింది. ఆ ఏడు చేను నడుముదాకా పెరిగి ఉంది. పైనుంచి అధికారి వచ్చి నిలబడి మొత్తం పీకించాడు. పోతు, పెంటి అని చూడకుండా పీకడం ఈదమ్మకు అదే మొదటిసారి. మూడు రోజులు కాల్చారు. పొగ వచ్చే వైపుకు ఊరి ముసలివాళ్లు ఇద్దరు కావాలనే పోయి కూర్చున్నారని తరవాత చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు.

"మియా సాబ్, నిరుడు దాంక ఇదే పంట గద. ఇప్పుడేమైంది?" అని ఆ రోజు ఈదమ్మ చోటే మియాను అడిగింది.

"మొక్కకేం కాలేదు ఈదమ్మా. కాగజ్ ఉంటే పంట, లేకుంటే జుర్మ్. ఇంక గీ ఊళ్ల ఎవని చేన్ల మొలిచినా వానికి జైలే" అన్నాడు అతను.

మూడేళ్లపాటు ఊళ్లో ఎవరూ గంజాయి వెయ్యలేదు. నాలుగో ఏడు పూత కాలంలో పటేలు ఈదమ్మకు కబురు పంపాడు. పొలిమేరలో పదిహేనెకరాల ఆముదపు చేను. బయటినుంచి చూస్తే అంతా ఆముదాలే. నడిమధ్యలో అరెకరంమేర గంజాయి నిలబడి ఉంది.

"ఏమే ఈదీ, చూస్తున్నవేంది? సాలు పట్టు" అన్నాడు పటేలు.

"సర్కారు వద్దన్నది గద దొరా."

"గీ ఊళ్ల సర్కారెవరే?"

గుడిసె ఆయన జాగాలో ఉంది. మొగుడు ఆయన కొట్టంలో పదేళ్ల వయసునుంచి ఉన్నాడు. ఈదమ్మ సాలు పట్టింది. ఇప్పుడు దస్తరం లేదు, తడిక లేదు, కొంగు దులిపేవాళ్లు లేరు. అయినా ఎండుటాకు చప్పుడైతే చాలు ఆమె సాలులోనే ఒదిగి కూర్చునేది. పీకిన పోతు మొక్కలను ఎక్కడ వెయ్యాలో పటేలు చెప్పలేదు. ఆమే చేను మూలన ముళ్లకంపలు ఎత్తి వాటికింద తోసి, మళ్లీ కంప కప్పింది. అట్లా ప్రతి ఏడూ అదే పని, అదే కంప.

ఇక జానయ్య సంగతి.

జానయ్య, అతని భార్య సుక్కమ్మ ఈదమ్మ వాడవాళ్లే. వాళ్లకు పొలిమేర బావి పక్కన ఎకరం చెలక ఉండేది. అందులో గోగు వేసి, నార తీసి, మోకులు, పగ్గాలు పేని హుజూర్‌నగర్ అంగట్లో అమ్ముకునేవాళ్లు. పటేలు మోటలకు, బండ్లకు కావలసిన మోకులన్నీ ఏటా వెట్టికింద ఇవ్వాల్సివచ్చేది. 1943లో జానయ్య ఇవ్వనన్నాడు. అనడమే కాదు, తాలూకా పట్నం పోయి వెట్టి మీద అర్జీ రాయించి ఇచ్చి వచ్చాడు. ఆ ఊళ్లో అట్లా చేసినవాడు అంతకుముందు లేడు.

పటేలు అతన్ని పిలిపించలేదు, తిట్టలేదు, కొట్టించలేదు. రెండు నెలలు ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే వాడలో అందరికీ బుగులు పుట్టించింది.

మార్గశిరంలో ఒక మంగళవారం పొద్దున ఆబ్కారీవాళ్లు నేరుగా జానయ్య చెలకకు వచ్చారు. ముందు పటేలు, వెనక తాలూకా దారోగా, చోటే మియా, ఇంకో జవాను. ఆరబెట్టిన గోగుకట్టల కుప్ప ఎత్తి చూస్తే అడుగున మూడు కట్టలు వేరే రకం. పంచనామా రాశారు, గోనెలో పెట్టి సీలు వేశారు. జానయ్య చేతులు అతను పేనిన పగ్గంతోనే కట్టారు.

"అవి గోగు కట్టలే! నా చెలకల గోగు తప్ప ఇంకోటి లేదు" అని అతను అరుస్తూనే ఉన్నాడు. అతను నిజంగానే అట్లా అనుకున్నాడు. వాడిపోయిన గోగాకు, వాడిపోయిన గంజాయి ఆకు దూరంనుంచి ఒక్కలాగే ఉంటాయి. రెండూ చేతివేళ్లు చాపినట్టే ఉంటాయి.

కేసు పుష్యమాసంలో మున్సిఫు ముందుకు వచ్చింది. ఆయన పట్నంనుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. గోగూ తెలియదు, గంజాయీ తెలియదు. ముద్దాయి గోగంటున్నాడు, దారోగా గంజాయంటున్నాడు, తెలిసినవాళ్లెవరైనా చెప్పాలి అన్నాడు. పటేలు వెంటనే ఈదమ్మ పేరు రాయించాడు.

వాయిదాకు ముందురోజు ఆమెను గడికి పిలిచాడు. "ఒక్క మాట అడుగుతరు. గంజాయేనా అని. ఔనంటవు, దిగుతవు. అబద్ధం చెప్పుమంటలేను గద?"

"లేదు దొరా."

"అంతే. వచ్చినంక గుడిసెకు కొత్త గడ్డి ఇప్పిస్త."

మరునాడు తెల్లవారగానే ఈదమ్మ, బక్కయ్య నడక మొదలుపెట్టారు. తాలూకా కచేరీకి నాలుగు కోసుల దూరం. దారిపొడవునా ఆమె ఒకటే అనుకుంది: పాత గింజ ఏదో గోగులో మొలిచి ఉంటుంది, జానయ్య చూసుకోక కోసి ఉంటాడు. ఆ నేలల్లో అట్లా మొలవడం మామూలే. బక్కయ్య మాత్రం తలెత్తలేదు, మాట్లాడలేదు. పటేలు, ఆయన గుమాస్తా గుర్రాల మీద వాళ్లను దాటుకుని పోయారు.

కచేరీలో జానయ్య ఒక పక్క నిలబడి ఉన్నాడు. నెలరోజుల్లో సగమైపోయాడు. గుమ్మం బయట సుక్కమ్మ చంకన పిల్లతో కూర్చుని ఉంది. మున్సిఫు ఉర్దూలో అడుగుతుంటే పేష్కారు తెలుగులో చెబుతున్నాడు. ప్రమాణం అయింది. సీలు విప్పి కట్ట ఒకటి ఈదమ్మ ముందు పెట్టారు.

ఆమె కంకి ఒకటి తీసుకుంది. బొటనవేలుతో నలిపింది. ఆగి, ఇంకో కంకి తీసుకుని నలిపింది. తరవాత కట్ట అడుగున చెయ్యిపెట్టి మూడోది లాగింది.

ఒక్క గింజ లేదు.

వానకు మొలిచిన గంజాయి అయితే పోతూ పెంటీ కలిసి మొలుస్తాయి, గింజ కట్టి తీరుతుంది. ఇది ఏరిన చేను సరుకు. ఆ తాలూకాలో అంత శుభ్రంగా ఏరే మనిషి ఆమెకు తెలిసి ఒక్కతే ఉంది.

"ఏమిటి ఆలస్యం? ఇది గంజాయేనా, కాదా?" పేష్కారు గద్దించాడు.

ఈదమ్మ తలెత్తింది. మున్సిఫు కుర్చీ వెనక నిలబడిన పటేలు తనవైపే చూస్తున్నాడు.

"గంజాయే హుజూర్."

గుమ్మం బయట సుక్కమ్మ "అయ్యో!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జానయ్య ఈదమ్మ ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, ఏమీ అర్థం కానట్టు చూశాడు. ఇంతలో మధ్యాహ్నపు జొహర్ నమాజుకు వేళయింది. మున్సిఫు లేచాడు. సాక్షి వేలిముద్ర వెయ్యలేదు కనుక పోగూడదని, నమాజు తరవాత మిగతా పని అని చెప్పి లోపలికి వెళ్లాడు.

ఆవరణలో గోడనీడన ఈదమ్మ కూలబడింది. పటేలు గుమాస్తా వచ్చి జొన్నరొట్టెలు, బెల్లం ఉన్న మూట ఇచ్చాడు. "మంచిగ చెప్పినవని దొర అన్నడు" అని పోయాడు. ఆమె మూట విప్పలేదు. బక్కయ్య వైపు తిరిగింది.

"నువ్వు తొవ్వపొంటి ఎందుకు మాట్లాడలే?"

బక్కయ్య నేల గీరుతున్నాడు.

"ఆముదపు చేను సరుకది. నేను ఏరిందే. నా చేతికి తెల్వదా? జానయ్య కుప్పకిందికి ఎట్ల పోయింది?"

"మెల్లగ మాట్లాడు."

"ఎవరు మోసిండ్రు?"

చివరికి, "నేనే" అన్నాడు. "దొర కట్టలు కట్టి ఇచ్చిండు. పొద్దు పొడవకముందే పోయి గోగుకుప్ప కింద పెట్టి రమ్మన్నడు. పెట్టిన."

"ఎందుకని అడగలేదా?"

"ఆయన్ను నేనెన్నడన్న అడిగిన్ననా?" బక్కయ్య చుట్టూ చూశాడు. "ఇగో చూడు. నువ్వు చెప్పవలసింది చెప్పినవ్. వేలిముద్ర ఏసి పోదాం. నోరు తెరిచినవనుకో, ఏరింది నువ్వు, మోసింది నేను. ఇద్దరం లోపల ఉంటం. ఆయన మాత్రం గుర్రమెక్కి ఇంటికి పోతడు."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదని ఈదమ్మకు తెలుసు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది, మొగుడి మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు.

సుక్కమ్మ లేచి వాళ్ల దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది ఈదమ్మ. తిడితే బాగుండేది.

"అక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పినవు, నిన్ను అనేదేం లేదు" అంది సుక్కమ్మ. "గాని మా ఆయనకు గంజాయి మొక్క ఎట్లుంటదో సుత తెల్వదు. చుట్ట సుత తాగడు. ఆ సంగతి నీకెరికేనా?"

"ఎరికే."

"గంతే అక్కా. నీకొక్కదానికన్న ఎరికైతే చాలు." పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వెనక్కి పోయి గుమ్మం దగ్గర కూర్చుంది.

ఈదమ్మ లేచి చోటే మియా దగ్గరికి నడిచింది. అతను మెట్ల మీద కూర్చుని తలపాగా సర్దుకుంటున్నాడు. గడ్డం తెల్లబడింది. జన్నత్ బీ పోయి అప్పటికి రెండేళ్లు.

"మియా సాబ్, ఒక మాట. కాగజ్ లేని చేన్ల పోతు మొక్కలు ఏరినోళ్లకు సుత శిక్షనా?"

చోటే మియా చెయ్యి తలపాగా మీదే ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూశాడు, దూరంగా గుర్రం దగ్గర నిలబడిన పటేలు వైపు చూశాడు. అతనికి అర్థమైంది.

"శిక్షనే" అన్నాడు నెమ్మదిగా. "విత్తినోనికి, ఏరినోనికి, మోసినోనికి, అందరికి. ఈదమ్మా, ఇంకేం చెప్పకు నాకు. నేను విన్ననంటే రాసుకోవాలె. చెప్పేదుంటే లోపల చెప్పు. లేకుంటే ఇంటికి పో. నేనేం వినలే."

మున్సిఫు వచ్చి కూర్చున్నాడు. పేష్కారు వాఙ్మూలం చదివి వినిపించి, సిరాబుడ్డి ముందుకు తోశాడు. "వేలు పెట్టు."

ఈదమ్మ చెయ్యి చాపలేదు.

"ఇంకో మాటున్నది హుజూర్."

"అడిగినదానికి చెప్పావు. చాలు."

"అడగంది ఉన్నది."

మున్సిఫు తలెత్తి ఏమంటుందని అడిగాడు. పేష్కారు విసుగ్గా చెప్పాడు. ఆయన కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇది గంజాయే. గాని జానయ్య చెలకల మొలిచింది కాదు. తెల్లబట్ట ఒకటి పరిచి కంకులు నలిపి చూడుండ్రి. గింజ రాలదు."

పేష్కారు అనువదించేలోగా పటేలు ముందుకు వచ్చాడు. "హుజూర్, మాదిగముండకు ఏం తెలుసు, పిచ్చి మాటలు..." మున్సిఫు అతన్ని వెనక్కి పొమ్మన్నాడు. తెల్లటి తువ్వాలు తెప్పించాడు. చోటే మియా కంకులు ఒక్కొక్కటే తీసి నలిపాడు. ఆకుపొడి కుప్పగా పడింది. మున్సిఫు స్వయంగా వంగి దాన్ని వేలితో చెదరగొట్టి చూశాడు. గింజ లేదు.

"అయితే ఏమిటి?"

ఈదమ్మ పోతు, పెంటి సంగతి చెప్పింది. పేష్కారు ఆ మాటలు ఉర్దూలో చెప్పలేక తడబడితే చోటే మియా అందుకుని వివరించాడు. మున్సిఫు శ్రద్ధగా విన్నాడు. తరవాత ఆమెకు అన్నిటికన్నా భయమైన ప్రశ్న వేశాడు.

"ఈ పంటలో పోతు మొక్కలు ఎవరు ఏరారు?"

ఆమె వెనక ఎక్కడో బక్కయ్య ఉన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

"నేనే హుజూర్. నాలుగేండ్ల సంది ఏరుతున్న."

"ఎక్కడ?"

"పటేలు దొర ఆముదపు చేన్ల. నడిమిట్ల. ఏరిన పోతు మొక్కలు చేను మూలకు ముళ్లకంప కింద తోసిన. ఇంక ఆడనే ఉంటయి."

గదిలో ఒక్కసారిగా గోల లేచింది. పటేలు అబద్ధం అని అరిచాడు, జానయ్య దీనికి లంచమిచ్చాడన్నాడు. మున్సిఫు బల్ల చరిచి, దారోగాను, చోటే మియాను వెంటనే గుండ్లకుంటకు పోయి చేను చూసి రమ్మన్నాడు. వాళ్లు తిరిగి వచ్చేదాకా పటేలు కచేరీ దాటగూడదన్నాడు. అప్పుడు చూస్తే గుమాస్తా లేడు. ఈదమ్మ "ఆముదపు చేను" అనగానే అతను బయటికి జారుకున్నాడు. అతని గుర్రం కూడా లేదు.

చోటే మియా గుర్రమెక్కుతుంటే బక్కయ్య పోయి జీను పట్టుకున్నాడు. "నన్ను సుత తోల్కపో మియా సాబ్. ఆ మూల నేను చూపెడ్త" అన్నాడు. తరవాత ఆగి, "కట్టలు మోసింది నేనే. గది సుత రాసుకో" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఈదమ్మ వరండాలో జవాను కాపలాలో కూర్చుంది. లోపలి గదిలో పటేలు పచార్లు చేస్తున్న చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. కంప కింది మొక్కలు వానలకు కుళ్లిపోయి ఉంటాయా? చెదలు తిని ఉంటాయా? గుమాస్తాకు ఆ మూల తెలుసా? తెలియదనే అనుకుంది. మొగుడికి తప్ప ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. కానీ పటేలు కళ్లు ఎంత దూరం చూస్తాయో ఎవరికి తెలుసు? దొరకకపోతే తాను అబద్ధం ఆడినట్టు, జానయ్య దొంగ అయినట్టు. సుక్కమ్మ లోటాతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు గుర్రాలు వచ్చాయి.

వాళ్లు పోయేసరికి చేను నడిమధ్య కాలుతూ ఉందట. పచ్చి ఆముదపు మోళ్లతో సహా అంతా నరికి నిప్పుపెట్టారు. అడిగితే గుమాస్తా, చీడ పట్టింది, కాల్చేస్తున్నాం అన్నాడు. దారోగా దాదాపు వెనుదిరిగాడు. బక్కయ్య మాత్రం నేరుగా ఈశాన్యం మూలకు పోయి ఒట్టిచేతులతో ముళ్లకంప లాగాడు. అడుగున నాలుగేళ్ల పోతు మొక్కలు పొరలు పొరలుగా ఉన్నాయి. కింది పొరలు మట్టిలో కలిసిపోయాయి. పై పొర ఎండి, ఆ ఏటి పూతతో అట్లాగే ఉంది.

చోటే మియా వాటిని గోనెలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. బక్కయ్య చేతులనిండా ముళ్లు గీసుకుపోయి నెత్తురు కారుతోంది. మున్సిఫు ఒక మొక్క తీసుకుని చాలాసేపు చూసి, ఈదమ్మ వైపు తిప్పి, "ఇదేనా?" అన్నట్టు కనుబొమ్మలెత్తాడు. ఆమె తల ఊపింది.

జానయ్యను మరునాడే విడిచిపెట్టారు. పటేలు, తనకేమీ తెలియదని, ఆ పంట జీతగాడూ అతని పెండ్లామూ దొంగతనంగా వేసుకున్నదేనని వాఙ్మూలం ఇచ్చాడు. బక్కయ్య అన్నట్టే పటేలు ఆ సాయంత్రం గుర్రమెక్కి ఇంటికి పోయాడు. అతని మీద కేసు జిల్లాకు పోయి, ఏడాదిన్నర నడిచి, సాక్ష్యం చాలదని వీగిపోయింది. అయితే పటేల్‌గిరీ పోయింది. అది అతని పాలివాళ్లకు దక్కింది. దానికే ఆయన ఎక్కువ కుమిలిపోయాడని అంటారు.

ఒప్పుకున్నవాళ్లకు మాత్రం శిక్ష తప్పలేదు. ఈదమ్మకు రెండు నెలలు, బక్కయ్యకు నాలుగు నెలలు. తీర్పు చెప్పేటప్పుడు మున్సిఫు, "నిజం చెప్పింది కాబట్టి తగ్గించాను. పూర్తిగా వదలడానికి చట్టం ఒప్పుకోదు" అన్నాడని చోటే మియా ఆమెకు తెలుగులో చెప్పాడు. చెప్పి, తల తిప్పుకున్నాడు.

జిల్లా జైలులో ఆమె చేత జొన్నలు విసిరించారు. రెండు పూటలా గట్క పెట్టేవాళ్లు. "ఆకలికైతే తక్కువ కాలేదు" అని నాతో అంది. "గాని ఒక్కదాన్నే అయిన. రాత్రి బక్కయ్య దగ్గేది వినకుంటే నిద్ర పట్టకపోయేది."

విడుదలైన రోజు గేటు బయట సుక్కమ్మ ఉంది. రెండు రోజులు నడిచి వచ్చింది. పటేలు మనుషులు గుడిసె పీకేసిన సంగతి అక్కడే చెప్పింది. కుండలు, సాప, రోలు తాము ముందే తెచ్చి పెట్టామని, చెలక మూలన గుంజలు పాతి ఉంచామని చెప్పింది.

"మీ జాగల నేనెందుకుంట? మళ్ల ఒకరి జాగనే గద" అంది ఈదమ్మ.

సుక్కమ్మకు కోపం వచ్చింది. "ఎవరి జాగనో తర్వాత కొట్లాడుదం. ముందు నడువు, పొద్దు పోతాంది."

నడిచారు. ఈదమ్మ ఆ ఎండాకాలం జానయ్య దగ్గర నార పేనడం నేర్చుకుంది. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె పేనిన పగ్గం నున్నగా రాలేదు. జానయ్య మొహమాటానికి ఏమీ అనలేదు గానీ, సుక్కమ్మ మాత్రం మొహం మీదే చెప్పి మళ్లీ విప్పించేది.

బక్కయ్య జ్యేష్ఠంలో వచ్చాడు. చెలకకు వచ్చే బాటలో నిలబడి, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు చాలాసేపు ఆగాడు. జానయ్య గోగు విత్తడానికి గుంటక తోలుతున్నాడు. తన కుప్ప కింద కట్టలు పెట్టిన మనిషిని చూశాడు. ఎద్దులను ఆపి, ములుగర్ర అతనికి అందించి, తాను గట్టు మీద కూర్చుని చుట్టుకున్న తలగుడ్డ విప్పి చెమట తుడుచుకున్నాడు. బక్కయ్య గుంటక పట్టుకుని సాలు తిప్పాడు.

ఈదమ్మ పొయ్యిలో ఇంకో పుల్ల తోసి, ఎసట్లో ఇంకో పిడికెడు జొన్నరవ్వ పోసింది.